బుర్రకథలో రాజకీయ వ్యంగ్యం: రాత నుంచి ప్రదర్శన దాకా

పాలకుల తప్పును పాటలో పెట్టి, జనాన్ని నవ్వించి, ఆ నవ్వుతోనే ఔననిపించే నేర్పు తెలుగు ప్రదర్శన కళలన్నిటిలోనూ ఎంతో కొంత ఉన్నది. బుర్రకథ మాత్రం ఆ పని కోసమే ఒక మనిషిని వేదిక మీద నిలబెట్టుకున్నది. నడుమ తంబురా భుజాన వేసుకొని కథకుడు నిలుస్తాడు. అతనికి ఇరుపక్కలా గుమ్మెటలు వాయించే ఇద్దరు వంతలు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరు హాస్యం చెబితే మరొకరు రాజకీయం చెబుతారు. కథ పల్నాటిదైనా బొబ్బిలిదైనా, దానిని నేటి వీధిలోకి, నేటి కార్యాలయం గడపలోకి లాక్కొని వచ్చే బాధ్యత రాజకీయ వంతది. ఈ మార్గదర్శి ముప్పావు గంట నుంచి గంట వరకు సాగే ఒక రాజకీయ వ్యంగ్య బుర్రకథను కొత్తగా కట్టుకొని, అభ్యాసం చేసి, జనం ముందుకు తీసుకువెళ్ళదలచిన దళాల కోసం రాసినది. ఊరి కళాబృందాలకు, కళాశాల విద్యార్థులకు, సంఘాల సాంస్కృతిక శాఖలకు ఇది పనికివస్తుంది.

ముందుగా తెలిసి ఉండవలసిన చరిత్ర

జంగం కథగా, తందాన కథగా వీరగాథలు చెబుతూ ఊరూరా తిరిగిన ఈ రూపాన్ని 1940లలో అభ్యుదయ కళాకారులు చేతిలోకి తీసుకొని, కరువు గురించీ భూమి గురించీ కూలి గురించీ మాట్లాడే సాధనంగా మలిచారు. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి దళాలు దానిని వేలాది మంది కూడే సభలకు తీసుకువెళ్ళాయి. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ బెంగాల్ కరువును కథగా కట్టి చెప్పాడు. సంగీతం, నృత్యం, నటన మూడింటినీ ఒక్క కథకుడిలో కలిపి చూపిన ఆ మహాకళాకారుడికి 1986లో పద్మశ్రీ లభించింది. మోటూరి ఉదయం నాయకత్వంలో మహిళా దళం బుర్రకథ చెప్పడంతో, ఇది మగవాళ్ళ కళ అన్న మాట ఆ తరంలోనే చెల్లకుండా పోయింది. ఆ కాలంలోనే మద్రాసు ప్రభుత్వమూ, హైదరాబాదులో నిజాం ప్రభుత్వమూ బుర్రకథను నిషేధించాయి.

స్వాతంత్ర్యం తరువాత కుటుంబ నియంత్రణ, పొదుపు, ఆరోగ్యం వంటి ప్రభుత్వ ప్రచారాలకు కూడా ఈ కళను విరివిగా వాడుకున్నారు. కళాకారులకు దానివల్ల బతుకుతెరువు దొరికింది, అది మంచిదే. అయితే ఆ కథల్లో రాజకీయ వంత ప్రశ్న అడగడం మాని ప్రకటన చదివేవాడిగా మారిపోయాడు. కొత్తగా దళం కట్టేవారు చాలామంది చూసి నేర్చుకున్నది ఆ రూపాన్నే కాబట్టి, ప్రశ్న అడిగే వంతను తిరిగి నిలబెట్టడమే వారి మొదటి పని అవుతుంది.

ఇంకా వెనక్కు వెళితే మాచుపల్లి కైఫీయతు, అంటే ఆ ఊరి పాత సంగతులు రాసిపెట్టిన స్థానిక చరిత్ర, చెప్పే ఒక ఉదంతం ఈ విద్యకంతటికీ పాఠంగా నిలుస్తుంది. సిద్ధవటం సీమను ఏలిన సమ్మెట గురవరాజు ధనం కోసం స్త్రీలను హింసించడం కళ్ళారా చూసిన కూచిపూడి భాగవతులు, విజయనగరం వెళ్ళి వీర నరసింహరాయల కొలువులో ఆ దౌర్జన్యాన్నే కేళికగా ఆడి చూపారనీ, రాయలు సైన్యాన్ని పంపి గురవరాజును శిక్షించాడనీ అందులో ఉన్నది. భాగవతులు చేసిన పనిని గమనించండి. వారు గురవరాజును తిట్టలేదు. అతడు చేసిన పనిని ఉన్నదున్నట్టు ఆడి చూపారు. రాజకీయ వ్యంగ్యం కట్టేవారు మొదటి అక్షరం రాయకముందే మనసులో పెట్టుకోవలసిన సూత్రం అదే.

మొదటి మెట్టు: మూడు గొంతులకు మూడు పనులు

కొత్త దళాలలో తరచుగా కనిపించే లోపం, కథకుడే వ్యంగ్యమూ చెప్పడం, కథకుడే జోకూ వేయడం, వంతలు తందాన అంటూ తాళం వేయడానికి మాత్రమే మిగలడం. అలా చేస్తే కథకుడి మాటకు ఉండే బరువు పోతుంది, వంతల మాటకు ఉండవలసిన చురుకు పుట్టదు. కథకుడు కథను నమ్మినవాడు. అతడు ఎవరినీ వెక్కిరించకూడదు. రాజు శంకుస్థాపన చేశాడని పాడేటప్పుడు నిజంగానే అది గొప్ప పని అన్నట్టు, పూర్తి గాంభీర్యంతో, రాగం తీసి పాడాలి. ఆ గాంభీర్యం ఎంత నిక్కచ్చిగా ఉంటే, ఆ తరువాత వచ్చే వంత ప్రశ్న అంత లోతుగా దిగుతుంది.

రాజకీయ వంత వివరం తెలిసిన పౌరుడు. అతడు తేదీ అడుగుతాడు, లెక్క అడుగుతాడు, కాగితం ఏదని అడుగుతాడు. గొంతు పెంచడు. హాస్య వంత అమాయకుడు. చెప్పినదంతా నమ్మేస్తాడు, నమ్మి దానిని చివరి దాకా లాగుతాడు, లాగినప్పుడు ఆ మాటలోని డొల్లతనం తనంతట తానే బయటపడుతుంది. పాలకుల సమర్థనను హాస్య వంత చేత చెప్పించడం చాలా పదునైన పద్ధతి. వ్యతిరేకించేవాడు బయటపెట్టలేని లోపాన్ని గుడ్డిగా సమర్థించేవాడు బయటపెట్టగలడు.

ఈ పనుల విభజనను రాతప్రతిలోనే స్థిరపరచుకోండి. ప్రతి వాక్యం పక్కన అది ఎవరిదో రాసుకున్నాక, ఒక వంత మాటను మరో వంతకు మార్చి చదివి చూడండి. ఇబ్బంది లేకుండా ఇమిడిపోయిందంటే ఆ ఇద్దరికీ మీరు ఇంకా స్వభావం ఇవ్వలేదన్నమాట. ఆ భాగాన్ని మళ్ళీ రాయాలి.

రెండవ మెట్టు: విషయం, దాని ఆధారం

విషయం పెద్దదై ఉండనక్కరలేదు. అవినీతి, నిరుద్యోగం, ధరలు అంటూ పేర్లు పెట్టుకొని మొదలుపెడితే ఉపన్యాసం తయారవుతుంది. ఒక వాగు మీద కట్టని వంతెన, మూడు నెలలుగా తెరవని ఆరోగ్య ఉపకేంద్రం, కాగితాల మీద మాత్రమే పూడిక తీసిన చెరువు: ఇలా చూపగలిగినది, జనం రోజూ దాటివెళ్ళేది, ఒక వాక్యంలో చెప్పగలిగినది ఎంచుకోవాలి. పెద్ద రాజకీయం అంతా ఆ చిన్న వాగులో కనిపిస్తుంది.

ఎంచుకున్నాక ఆధారాలు కూడబెట్టాలి. సమాచార హక్కు చట్టం, 2005 కింద దరఖాస్తు పెడితే సాధారణంగా 30 రోజులలోపు జవాబు ఇవ్వవలసి ఉంటుంది. కాబట్టి ప్రదర్శన తేదీకి కనీసం రెండు నెలల ముందే ఆ పని మొదలుపెట్టండి. గ్రామసభ తీర్మానాలు, శాసనసభలో పెట్టిన బడ్జెటు పత్రాలు, ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదికలు, శిలాఫలకం మీద చెక్కిన తేదీ, అన్నీ పనికివచ్చే సాక్ష్యాలే. ఊళ్ళో విన్న మాట ఎంత రుచిగా ఉన్నా, రెండు చోట్ల నిర్ధారణ కాకపోతే దానిని కథలోకి రానివ్వకండి. వేదిక మీద చెప్పిన తొంభై తొమ్మిది నిజాలు, పక్కన ఒక్క అబద్ధం దొరికిన రోజున, దానితోపాటే కొట్టుకుపోతాయి.

ఇక్కడే మరొక నిర్ణయం కూడా తీసుకోవాలి: దెబ్బ ఎవరి మీద పడాలి? పదవిలో ఉండి చేసిన పని మీద, చేయని పని మీద, ఇచ్చి తప్పిన మాట మీద పడాలి. మనిషి నల్లదనం మీద, పొట్టి మీద, నత్తి మీద, భార్యాబిడ్డల మీద, కులం మీద పడకూడదు. పాత హాస్యంలో ఇటువంటివి చాలా దొర్లేవి, ఇప్పటికీ సులువుగా నవ్వు తెస్తాయి. ఆ నవ్వు వచ్చిన క్షణంలోనే అసలు ప్రశ్న పక్కకు తప్పుకుంటుంది, అవమానపడ్డ మనిషి వైపు సానుభూతి మళ్ళుతుంది. పైగా ఈ కళను తరతరాలుగా కాపాడుకొచ్చినవారు జంగం, బుడగ జంగం వంటి కులాల కళాకారులు. వారి గుమ్మెటను భుజాన వేసుకొని కులం పేరుతో ఎవరినైనా కించపరచడం నా దృష్టిలో క్షమించరానిది.

మూడవ మెట్టు: కథకు చట్రం

రెండు దారులున్నాయి. జరిగినదానిని నేరుగా, ఊరు పేరుతో సహా చెప్పవచ్చు. లేదా ఒక పాత రాజు కథను కల్పించి, వంతల ద్వారా నేటికి ముడివేయవచ్చు. రెండవదే బుర్రకథ స్వభావానికి దగ్గర అని నా అభిప్రాయం. రాజు కథ అన్నప్పుడు వినేవాడు పోల్చుకునే పని తానే చేస్తాడు, తానే కనిపెట్టిన పోలిక కాబట్టి దానిని మరచిపోడు. నేరుగా పేరు చెబితే జనం పక్షాలుగా చీలి, ఆ పేరుకు అనుకూలంగానో వ్యతిరేకంగానో వినడం మొదలుపెడతారు.

కథకు మూడు మలుపులు చాలు. రాజు మాట ఇస్తాడు, మాట తప్పుతూనే పండుగలు చేస్తాడు, ఆ మాట నమ్మినవారికి నష్టం జరుగుతుంది. మొదటి రెండు భాగాల్లో నవ్వు దండిగా ఉండాలి. మూడవ భాగంలో నవ్వు పూర్తిగా ఆగిపోవాలి. వంతలు ఇద్దరూ ప్రశ్నలు మాని తందాన మాత్రమే అందుకోవాలి. అంతవరకు నవ్విన జనం తాము ఏ విషయానికి నవ్వారో అప్పుడు గ్రహిస్తారు. ఈ మూడవ భాగం లేని వ్యంగ్య కథలు నేను చాలా విన్నాను. జనం హాయిగా నవ్వుకొని ఇంటికి వెళ్ళిపోతారు, ప్రశ్న మైదానంలోనే ఉండిపోతుంది.

నాలుగవ మెట్టు: పాట కట్టడం

బుర్రకథ పాటకు మాత్రాఛందస్సు ఆధారం. మాత్రల లెక్కతో సాగే రగడలనే పద్యరూపాలు తెలిసి ఉంటే పని సులువు. నాలుగు మాత్రల గణాలు నాలుగు చొప్పున సాగే మధురగతి నడక కథ చెప్పడానికి, ఎత్తిపొడుపుకు బాగా ఒదుగుతుంది. మూడు, నాలుగు మాత్రలు జంటగా సాగే వృషభగతి, అంటే మిశ్రగతి, జాలికి, ఆవేదనకు సరిపోతుంది. మూడు మాత్రల నడక పరుగుకు, యుద్ధానికి, గుంపు అలజడికి పనికివస్తుంది. ప్రాస కుదరకపోయినా నష్టం లేదు గాని యతిని వదలకండి. గుమ్మెట దెబ్బ పడే చోట యతి అక్షరం పడితే మాట చెవిలో నాటుకుంటుంది.

వంతెన కథకు ఒక నమూనా చూడండి. కథకుడు నాలుగు మాత్రల నడకలో, మోహన వంటి ఉల్లాసమైన రాగంలో, ఎంతో గౌరవంగా పాడతాడు:

ఏటికి వంతెన ఎప్పుడు రాజా
అని అడిగినచో ఆతడు నవ్వెను
రాతి ఫలకమును రంగులు వేసీ
నాటెను చూడర నాలుగు మార్లూ
తందాన తాన!

ఇక్కడ పాట ఆగుతుంది, గుమ్మెట ఆగదు. చిన్న దరువు మీద మాటలు సాగుతాయి:

రాజకీయ వంత: గురువుగారూ, ఒక సందేహం. వంతెన ఒక్కటే గదా, ఫలకాలు నాలుగెందుకు?

కథకుడు: ప్రతి ఎన్నికకూ ఒకటి, నాయనా. రాజుగారు మాట మరిచేవారు కారు.

హాస్య వంత: అదే నేనూ అంటున్నాను! ఆ నాలుగు రాళ్ళూ వరసగా పరిస్తే వాగు సగం దాటొచ్చు. ఇంకో రెండు ఎన్నికలు రానియ్యండి, వంతెన దానంతట అదే పూర్తవుతుంది!

రాజకీయ వంత: మరి ఆ రాళ్ళ మీద కాలుపెట్టి దాటవచ్చునా?

హాస్య వంత: అమ్మో, రాజుగారి పేరు తొక్కినట్టు కాదూ? ఈదుకుంటూ పోవడమే మర్యాద.

ఈ చిన్న సంభాషణలో ఎవరూ రాజును దూషించలేదు. హాస్య వంత ఆయన పక్షమే వహించాడు. ఫలకాల సంఖ్య మాత్రం ఊళ్ళో నిజంగా ఉన్న ఫలకాల సంఖ్యతో సరిపోవాలి. అందుకే ఆధారాల పని ముందు చేయమన్నది. మూడవ భాగానికి వచ్చాక నడక మారుతుంది, రాగం నాదనామక్రియ వంటి కరుణ పలికే రాగానికి దిగుతుంది:

బడికి పోయిన పల్లె పిల్లలు పడవ కోసం పరుగులెత్తిరి
వరద పొంగిన వాగు గట్టున వానముద్దై వణికిపోయిరి

పక్కపక్కన ఉంచి పాడి చూస్తే మాత్రల లెక్క మారగానే గొంతులో జరిగే మార్పు మీకే తెలుస్తుంది. రాసేటప్పుడు ప్రతి పాదాన్నీ తొడ మీద తాళం వేస్తూ పైకి పాడి చూడండి. కంటికి సరిగా ఉన్న పాదం నోటికి అడ్డుపడితే నోటినే నమ్మాలి. సంస్కృత సమాసాలు, పత్రికల పరిభాష పాటలోకి రానివ్వవద్దు. బిల్లు, టెండరు, కాంట్రాక్టరు, ఎస్టిమేటు వంటివి జనం రోజూ అనే మాటలే కాబట్టి అవి నిరభ్యంతరంగా రావచ్చు.

ఐదవ మెట్టు: వంత ప్రశ్నలను పొదగడం

ప్రశ్న ఎక్కడ పెట్టాలన్నది ప్రశ్న ఏమిటన్నదానికంటే కష్టం. కథ ఊపందుకుంటున్న చోట పెడితే అది ఆటంకం అవుతుంది. కథకుడు ఒక చరణం ముగించి, తందాన పూర్తయి, జనం ఊపిరి పీల్చుకునే చోట పెడితే అది వారి మనసులోని ప్రశ్నే అనిపిస్తుంది. పది నిమిషాల కథకు రెండు మూడు ప్రశ్నలు మించితే పలచబడిపోతుంది.

ప్రశ్నలను మూడు తరగతులుగా రాసుకోవచ్చు. కథలోని విషయాన్నే అడిగే ప్రశ్న మొదటిది. ఫలకాలు నాలుగెందుకు అన్నది ఈ కోవది. కథను నేటికి ముడివేసే ప్రశ్న రెండవది. ఆ రాజ్యంలో లెక్కలు అడిగే హక్కు ఉండేదా, మనకైతే ఉన్నది గదా, ఎవరైనా అడిగారా అన్నట్టు సాగుతుంది. మూడవది వింటున్నవారినే అడిగేది: పాటకు వచ్చిన మనం ఫలకం వేసిన నాడు చప్పట్లు కొట్టామా లేదా? ఈ మూడవ రకాన్ని కథంతటిలో ఒక్కసారే వాడండి. పాలకులతోపాటు ఓటరును కూడా నిలదీసే ధైర్యం లేని వ్యంగ్యం సగమే. ఓటుకు నోటు తీసుకున్న చేతిని, కులం చూసి వేసిన ఓటును, మనవాడని చూసీ చూడనట్టు వదిలేసిన తప్పును కథ తాకాలి. అదే సమయంలో ఆ మాటను ఎత్తిపొడుపుగా అనకూడదు. వంత తనను కూడా కలుపుకొని "మనం" అనాలి.

ఏ పక్షం వారి తప్పునైనా ఒకే కొలతతో చూపడం ఇక్కడ చాలా ముఖ్యం. నాలుగు ఫలకాలలో రెండు ఒక పార్టీ కాలానివి, రెండు మరో పార్టీ కాలానివి అయితే ఆ సంగతి కథలో దాచకండి. ఒక పార్టీ సభ కోసం కట్టిన కథలో ఇది సాధ్యం కాదు. అలాంటి ఆహ్వానాన్ని ఒప్పుకోవడమా మానడమా అన్నది దళం ఇష్టం. ఒప్పుకుంటే మాత్రం అది ఆ పార్టీ ప్రదర్శన అని జనానికి తెలిసేలా ఉండాలి.

ఆరవ మెట్టు: వాద్యం, వేషం, అభ్యాసం

కథకుడికి తంబురా, బొటనవేలికి అందె, కాళ్ళకు గజ్జెలు. ముగ్గురికీ రంగు అంగరఖా, నడుముకు దట్టీ, తలపాగా. వేషంలో పొదుపు చేయకండి. మామూలు చొక్కా ప్యాంట్లతో చెప్పిన కథకు సభా ప్రసంగపు వాసన వస్తుంది, సంప్రదాయ వేషంలో ఉన్నప్పుడు మాత్రం ఎంత ఘాటు మాటనైనా జనం కథగా స్వీకరిస్తారు. గుమ్మెటల తోలు వానాకాలపు చెమ్మకు వదులవుతుంది కాబట్టి, ప్రదర్శనకు ముందు సెగ చూపి బిగువు తెచ్చుకోవాలి.

గుమ్మెట, అడుగు, మాట ఈ మూడూ కలిసి నడవడం పుస్తకం చూసి వచ్చేది కాదు. దగ్గరలో ఉన్న వృత్తి కళాకారుడిని గురువుగా పెట్టుకొని, తగిన పారితోషికం ఇచ్చి నేర్చుకోండి. మొదటి వారాల్లో మాటలు లేకుండా దరువులు, అడుగులు, తరువాత పాట, ఆఖరున ప్రశ్నలు. ప్రశ్న అడుగుతూ ఎడమచేతి దరువు తప్పకుండా ఉండటం వంతలకు అన్నిటికంటే కష్టమైన పని. అది రాకముందే వేదిక ఎక్కితే, మాట వచ్చినప్పుడల్లా వాద్యం ఆగి, కథ ముక్కలుగా వినిపిస్తుంది. కథకుడు ముందుకు దూకి వెనక్కు వచ్చే అడుగులో వంతలు అతనితో కలవాలి. ప్రశ్న అడిగేటప్పుడు మాత్రం రాజకీయ వంత ఒక్కడే అర అడుగు ముందుకు రావాలి.

హాస్యం పండుతుందో లేదో అభ్యాసం చేసే గదిలో తెలియదు. దళంలో లేనివారిని పదిమందిని కూర్చోబెట్టి వినిపించండి. ఎక్కడ నవ్వారో కాక, ఎక్కడ నవ్వవలసి ఉండగా నవ్వలేదో గుర్తుపెట్టుకోండి. చాలాసార్లు అక్కడ వివరణ ఎక్కువై ఉంటుంది. నవ్వు పుట్టించే మాట వాక్యం చివర పడేలా సరిదిద్ది, దాని తరువాత ఇంకేమీ చెప్పకుండా దరువు ఒక్కటే వినిపిస్తే సరిపోతుంది.

మైకుల విషయం క్లుప్తంగా: ముగ్గురికీ విడివిడిగా ఉండాలి, కథకుడికి తలకు తగిలించుకునేది మేలు. గుమ్మెటల శబ్దం మాటలను మింగేయకుండా సౌండు సర్దేవారితో ముందే ఒకసారి పాడి చూసుకోండి. ఒక్క మాట వినబడకపోయినా వ్యంగ్యం చెల్లాచెదురవుతుంది.

ఏడవ మెట్టు: చట్టం, అనుమతులు

బ్రిటిష్ ప్రభుత్వం నాటకాలను నిషేధించడానికి తెచ్చిన 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టాన్ని కేంద్రం ఇప్పుడు రద్దు చేసింది. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం భావప్రకటన స్వేచ్ఛను ఇస్తుంది, 19(2) దానికి హద్దులు చెబుతుంది. ఒక కవిత మీద పెట్టిన కేసును కొట్టివేస్తూ 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, కవిత్వం, నాటకం, వ్యంగ్యం వంటివి మనిషి బతుకుకు అర్థాన్ని కూర్చుతాయని స్పష్టంగా పేర్కొంది. కళాకారులకు ఇది పెద్ద అండ.

అండ ఉన్నంత మాత్రాన జాగ్రత్త అక్కరలేదని కాదు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ పరువునష్టానికి సంబంధించినది. ప్రభుత్వోద్యోగి తన విధి నిర్వహణలో నడిచిన తీరు మీద, ప్రజా సమస్యలో ఏ వ్యక్తి అయినా నడిచిన తీరు మీద సద్భావంతో అభిప్రాయం చెప్పడానికి అందులోనే మినహాయింపులు ఉన్నాయి. పని మీద గురిపెట్టిన వ్యంగ్యానికి ఆ మినహాయింపు అందుబాటులో ఉంటుంది, వ్యక్తిగత జీవితం మీద వేసిన నిందకు ఉండటం కష్టం. మతం, కులం, భాష, ప్రాంతం పేర్లతో వర్గాల మధ్య వైరం పెంచే మాటలు 196వ సెక్షన్ కిందకు వస్తాయి.

లౌడ్‌స్పీకరుకు అధికారుల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు వాడరాదు. పండుగలు, సాంస్కృతిక ఉత్సవాల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి వరకు సడలింపు ఇవ్వవచ్చు. పూర్వం తెల్లవార్లూ సాగిన కథ కాలం కాదు కాబట్టి ఏడున్నరకు మొదలుపెట్టి తొమ్మిదిలోపు ముగించేలా చూసుకోండి.

ఎన్నికల వేళ మరొక నిబంధన ఉన్నది, ఇది చాలా దళాలకు తెలియదు. ప్రజాప్రాతినిధ్య చట్టం, 1951లోని 126వ సెక్షన్ ప్రకారం, పోలింగు ముగిసే సమయానికి ముందు 48 గంటలలో, జనాన్ని ఆకర్షించడానికి సంగీత కచేరీ గాని నాటక ప్రదర్శన గాని మరే వినోదం గాని ఏర్పాటుచేసి ఎన్నికల విషయాన్ని ప్రచారం చేయడం నేరం. రెండేళ్ళ వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. రాజు కథ అని చెప్పినా ఆ 48 గంటలలో రాజకీయ బుర్రకథ పెట్టుకోవద్దు. సందేహం ఉన్న చోట స్థానిక న్యాయవాదికి రాతప్రతి చూపించి, ఆయన గుర్తుపెట్టిన వాక్యాల గురించి కూర్చొని మాట్లాడండి.

ఎనిమిదవ మెట్టు: జనం ముందు

ప్రదర్శన నాటి మధ్యాహ్నమే ఊరికి చేరుకొని, ఆ వాగు దగ్గరకో ఆ ఆసుపత్రి దగ్గరకో స్వయంగా వెళ్ళి చూడండి. అక్కడి వీధి పేరు, అక్కడ జనం వాడే ఊతపదం, గట్టున ఉన్న రావిచెట్టు కథలో ఒకటి రెండు చోట్ల పడితే అది వారి కథ అవుతుంది. అందుకోసం రాతప్రతిలో కొన్ని ఖాళీలు ముందే వదిలిపెట్టుకోవడం పాత కథకుల పద్ధతి. ఆ ఊరి పెద్దల గురించి ఎవరో చెవిలో చెప్పిన మాటను మాత్రం ఆ ఖాళీల్లో నింపకండి.

ప్రార్థన పాటతో మొదలుపెట్టి, ఊరికి నమస్కరించి, "వినరా సోదర వీరకుమారా" అన్న సంప్రదాయ పిలుపుతో కథలోకి దిగండి. మొదటి ఐదు నిమిషాల్లో వ్యంగ్యం వద్దు. దళం గొంతు మీద, వాద్యం మీద జనానికి నమ్మకం కుదరాలి. పాట బాగా పాడినవారి మాటనే ఊరు చెవిన పెడుతుంది.

మధ్యలో ఎవరైనా లేచి అభ్యంతరం చెబితే కథకుడు జవాబు ఇవ్వకూడదు. రాజకీయ వంత మర్యాదగా, "అయ్యా, కథ అయ్యాక మీ మాట ఇదే మైకులో చెప్పండి, మేమూ వింటాం" అనాలి, అన్న మాట నిలబెట్టుకోవాలి. హాస్య వంత ఆ మనిషి మీద జోకు వేయరాదు. గొడవ ముదిరి రాళ్ళు పడే సూచన ఉంటే మంగళం పాడి కథ ముగించండి. పిల్లలూ ముసలివారూ కూర్చున్న సభ అది.

కథ అయిన తరువాత పదిహేను నిమిషాలైనా జనంతో కూర్చోవాలి. తప్పు దొర్లిందని ఎవరైనా చెబితే రాసుకొని, ఆధారం చూసి, నిజమైతే తదుపరి ప్రదర్శనకు మార్చాలి. అదే ఊళ్ళో ఆ సవరణను ప్రకటించాలి. కథ వల్లనో కాలం కలిసివచ్చో వంతెన పని మొదలైతే పాత చరణాలనే పాడుతూ పోవడం అన్యాయం. అప్పుడు రాజకీయ వంత ప్రశ్న మారుతుంది: ఎస్టిమేటు ఎంత, గడువు ఎప్పుడు, సిమెంటు ఎవరు చూస్తున్నారు? రాతప్రతి ప్రతి మార్పు మీదా తేదీ వేసి, ప్రతి వ్యంగ్య వాక్యం పక్కన దాని ఆధారం ఏ కాగితంలో ఉన్నదో రాసి, ఆ నకలును దళంలో ముగ్గురి దగ్గరా ఉంచండి. కథకుడు మారినా, వంత మారినా, కొత్తగా వచ్చినవారు పాటతోపాటు ఆ కాగితాల దస్త్రాన్ని కూడా చదివాకే గుమ్మెట అందుకోవాలి.